వన్స్ మోర్ అన్నప్పుడు నేను తల ఊపాను

నాటకం పాఠం ఎలా చెప్పాలి మేడం అని కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు టీచర్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. నాటకం బాగా చెబుతానని నాకు పేరు. చదివి వదిలేయకండి, పిల్లల చేత ఆడించండి, నోరు తిరిగితే పద్యం దానంతటదే వస్తుంది అని చెప్పి పెట్టేస్తాను. సగమే చెబుతున్నానని తెలుసు. మిగతా సగం ఫోన్లో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివాక మీరు ఫోన్ చెయ్యడం మానేసినా నేనేమీ అనుకోను.

ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పాను. కుప్పంలో మొదలై, పుంగనూరు పక్కన ఒక పల్లె హైస్కూల్లో తొమ్మిదేళ్ళు చేసి, మళ్ళీ కుప్పంలోనే రిటైరయ్యాను. పుంగనూరు రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి బీపీ, రెండోది ఉచ్చారణ. బీపీకి మాత్రలున్నాయి. పిల్లలు 'ఎందుకు'కు 'యాల', 'ఎక్కడ'కు 'యాడ' అంటే చాలు, చాక్‌పీసు విసిరేదాన్ని. వాళ్ళ అమ్మానాన్నలు మాట్లాడే మాట వాళ్ళ నోటి నుంచి తుడిచెయ్యడమే తెలుగు చెప్పడం అనుకునేదాన్ని. మా అమ్మ కూడా 'యాడ' అనే అనేది. ఆ సంగతి స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

అక్కడ నా చివరి ఏడు డివిజన్ స్థాయి నాటక పోటీలు మదనపల్లెలో పెట్టారు. ఒక్కో బడి పాత పద్య నాటకం నుంచి ఒక ఘట్టం ఆడాలి. మేము ఎంచుకున్న నాటకం పేరు చెప్పనక్కర్లేదు, మా వైపు ఏ తిరునాళ్ళలో అడిగినా చెబుతారు. ఇచ్చిన మాట కోసం రాజ్యం పోగొట్టుకున్న రాజు, దాసిగా అమ్ముడుపోయిన రాణి, యజమాని ఏదో పని మీద పంపితే అడవికి వెళ్ళి పాము కాటుకు పోయిన కొడుకు. ఆ బిడ్డ శవం మీద పడి తల్లి ఏడ్చే ఘట్టం మాది.

పద్యం నాకు చదవడం వచ్చు, పాడడం రాదు. అందుకని పుంగనూరు నుంచి హార్మోనియం మాస్టరును పిలిపించాను. ఆయన వృత్తి దర్జీ పని. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, నాటకమంటే ప్రాణం. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన హార్మోనియం లేనిదే నాటకం లేచేది కాదు. నాలుగింటికి అంగడి తమ్ముడికి అప్పజెప్పి, పెట్టె మోపెడ్‌కు కట్టుకుని వచ్చేవాడు. చనిపోయిన బిడ్డగా ఎవరినీ పడుకోబెట్టొద్దని, అది పిల్లలకు మంచిది కాదని, తన అంగట్లోని గుడ్డముక్కలు కుక్కి ఆరేళ్ళ బిడ్డంత మూట కుట్టి తెచ్చాడు. దానికి చొక్కా కూడా కుట్టాడు.

రాణి వేషానికి పదో తరగతి నుంచి ఐదుగురు ఆడపిల్లల చేత పాడించాం. నాలుగో అమ్మాయి నోరు తెరవగానే మాస్టరు హార్మోనియం మీద వేళ్ళు ఆపి నా వైపు చూశాడు. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. తల్లి టమోటా తోటల్లో కూలికి పోతుంది, తండ్రి లేడు. ఆ గొంతులో దుఃఖం ఎవరో తెచ్చి పెట్టినట్టు లేదు, మొదటినుంచీ అక్కడే ఉంది. నాకు షీల్డు కళ్ళముందు కనబడింది.

ఆ సాయంత్రమే బయాలజీ సారు నన్ను వరండాలో ఆపాడు. నాకంటే ముందునుంచి ఆ బడిలో ఉన్నవాడు, నెమ్మదస్తుడు.

"మేడం, ఆ పాపకు ఆ వేషం యాల? ఆ బిడ్డ తమ్ముడు పాము కరిసే పోయినాడు. రెండేండ్లాయ. టమోటా బాక్సులు పెట్టే షెడ్డులోనే కరిసింది. మదనపల్లె ఆస్పత్రికి తీసకపోయేటప్పుడు నేనుంటి. ఇంగో పాపకియ్యండి."

నాకు ఒళ్ళు జలదరించింది, అబద్ధం చెప్పను. కానీ మరునిమిషమే మరో ఆలోచన వచ్చింది, అదీ దాచను. అందుకేనా ఆ గొంతు అలా ఉంది అనుకున్నాను. "దుఃఖం తెలిసిన పిల్లే దుఃఖం పలకగలదు సార్" అన్నాను. పెద్ద మాటేదో అన్నట్టు నాకే ముచ్చటేసింది. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అయినా ఆ పిల్లనే అడుగుదామని మర్నాడు పిలిచాను. ఇష్టం లేకపోతే మానెయ్యమ్మా, నేనేమీ అనుకోను అన్నాను. మానేస్తుందేమోనని లోపల భయపడుతూనే ఉన్నాను.

"నేనే చేస్తా మేడం" అంది ఆ పిల్ల. "కానీ మా అమ్మ సూడ్డానికి రావాల. నేను పిలిస్తే రాదు. మీరొచ్చి పిలస్తారా?"

తల్లికి రాణి వేషంలో కనబడాలని ఏ పిల్లకుండదు అనుకున్నాను. ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళాను. తల్లి తోట గట్టున కూర్చుని కాయలు ఏరి బాక్సుల్లో పోస్తోంది. ముప్పై అయిదుకు మించి ఉండవు, జుట్టు సగం నెరిసింది. పిల్ల నాకు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తల్లీకూతుళ్ళు ఒకరి చేతిలోవి ఒకరు అందుకుంటున్నారు, పని ఆగకుండా సాగుతోంది, ఒక్క మాట లేదు. నేనున్న అరగంటలో తల్లి కూతురి ముఖం వైపు చూడలేదు, కూతురూ చూడలేదు.

"నేనొచ్చి ఏం సేస్తానమ్మా ఆడ? నాకేం తెలుసు నాటకాలు" అంది తల్లి.

"నీ కూతురు పాడితే రాళ్ళు కరుగుతాయమ్మా. ఒక్కసారి వచ్చి చూడు."

చాలాసేపు కాయలు ఏరుతూనే ఉంది. తర్వాత "సరేలే, వస్తా" అంది.

నెలన్నర సాధన చేయించాను. మాస్టరు రాగం చూసుకునేవాడు, నేను మాట చూసుకునేదాన్ని. ఎక్కడ ఊపిరి తీయాలి, ఏ అక్షరం దగ్గర గొంతు వణకాలి, మూటను ఎప్పుడు గుండెకు హత్తుకోవాలి, అన్నీ నేర్పాను. పిల్లలకు మధ్యలో సొంత మాటలు కలిపే అలవాటు. న్యాయనిర్ణేతలు దానికి మార్కులు తీసేస్తారు. అందుకని ఒక గుర్తు పెట్టుకున్నాం. నేను రెండు వేళ్ళు పెదాల మీద ఆనిస్తే, పాఠంలో ఉన్నది మాత్రమే పలకాలి, అదనంగా ఒక్క ముక్క రాకూడదు. ఈ పిల్లకు ఆ గుర్తు చూపించే అవసరమే రాలేదు. ఒక్కసారి కూడా మాట తప్పలేదు. బంగారం లాంటి పిల్ల అని స్టాఫ్ రూములో చెప్పుకుని మురిసిపోయాను.

పోటీ రోజు పొద్దున పదకొండింటికి మా వంతు వచ్చింది. మదనపల్లెలో పాత హాలు, పైన రేకులు. ముందు వరసల్లో పిల్లలు, వెనక ఊళ్ళోని పాత నాటకాల పిచ్చివాళ్ళు. వాళ్ళు ఎక్కడ హార్మోనియం మోగితే అక్కడికి వస్తారు. తల్లి మూడో వరసలో ఈ చివర కూర్చుంది. కొత్త చీరేమో, కొంగు సర్దుకుంటూనే ఉంది. నేను తెర పక్కన నిలబడ్డాను. మాస్టరు నాకెదురుగా, స్టేజీకి అవతలి పక్క.

ఆ పిల్ల పద్యం ఎత్తుకోగానే హాలు సద్దుమణిగింది. నేను నేర్పిన చోటల్లా ఊపిరి తీసింది, నేను చెప్పిన అక్షరం దగ్గరే వణికింది. చివర రాగం తీసి మూట మీద వాలిపోయింది. అక్కడితో పద్యం అయిపోవాలి. అయిపోలేదు. మూట ముఖంలోకి చూస్తూ, నాటకం గొంతులో కాదు, ఇంట్లో మాట్లాడే గొంతుతో అంది.

"నేనే పంపిస్తిని కదప్పా నిన్ను. నేను పోయింటే సరిపోతా ఉండె. నేనే పంపిస్తిని."

నెలన్నర కష్టపడి తీర్చిదిద్దిన రాణి నోట 'పంపిస్తిని'! పాఠంలో లేని మాట, పైగా పల్లె మాట. మార్కులు పోయినట్టే అనుకున్నాను. కానీ హాలు నా మాదిరి ఆలోచించలేదు. వెనకనుంచి ఒక ముసలాయన "వన్స్ మోర్!" అని కేక పెట్టాడు. ఆ వెంటనే హాలంతా అందుకుంది.

మీలో కొందరికి తెలియకపోవచ్చు. పద్య నాటకంలో వన్స్ మోర్ అంటే నటులకు అంతకు మించిన గౌరవం లేదు. పద్యం మళ్ళీ పాడి తీరాల్సిందే. చచ్చిపడ్డ వేషధారి కూడా లేచి, దుమ్ము దులుపుకుని పాడి, మళ్ళీ చచ్చిపడిన కథలు మా వైపు బోలెడు. కాకపోతే ఒక పద్ధతి ఉంది. హార్మోనియం శ్రుతి ఇస్తేనే పాడాలి. మాస్టరు పెట్టె మూసి చేయి దానిమీద పెట్టుకున్నాడు. నా వైపు చూసి అడ్డంగా తల ఊపాడు.

ఆ పిల్ల కూడా నా వైపే చూసింది. అప్పుడే మూడో వరసలో తల్లి లేచి నిలబడింది. ముందు కుర్చీ పట్టుకుని, స్టేజీ వైపు ఒక అడుగు వేసింది. ఇదంతా నేను చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

నేను ఆలోచించింది ఒక్కటే. రెండోసారి పాడితే ఆ తప్పు దిద్దుకోవచ్చు. న్యాయనిర్ణేతల చెవిలో చివరికి మిగిలేది శుద్ధమైన పాఠమే అవుతుంది. మాస్టరుకు గట్టిగా తల ఊపాను. ఆయన కదల్లేదు. మళ్ళీ ఊపాను, కళ్ళెర్రజేశాను. పెట్టె తెరిచాడు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి రెండు వేళ్ళు పెదాల మీద ఆనించాను.

మొదటి స్వరం విని తల్లి నెమ్మదిగా తిరిగి కూర్చుంది.

రెండోసారి ఆ పిల్ల పాడినట్టు నేను ఎవరి నోటా వినలేదు. ఒక్క అక్షరం జారలేదు. చివర మూట మీద వాలి, అలాగే ఉండిపోయింది. పెదవి కదల్లేదు. చప్పట్లు మోగాయి. నేను సంతోషంతో చెమటలు తుడుచుకున్నాను. మళ్ళీ చూస్తే మూడో వరసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

మొదటి బహుమతి మాకే వచ్చింది. షీల్డు పెద్దసారు గదిలో అద్దాల బీరువాలో పెట్టారు, ఇప్పటికీ ఉండే ఉంటుంది. మాస్టరు తన పెట్టె తానే ఆటోలో పెట్టుకున్నాడు. మా బస్సులో రమ్మంటే రానన్నాడు.

"అమ్మా, వన్స్ మోర్ అనేది ఆటకు అడగాల" అన్నాడు. "ఆ బిడ్డ ఆడతాండ్లేదు. నా పెట్టెకు తెలిసింది, మీకు తెలీలేదు." ఆ తర్వాత ఆయన మా బడి గడప తొక్కలేదు. నేనూ పిలవలేదు, పిలిచే ముఖం లేదు.

బస్సులో ఆ పిల్ల నా పక్కన కూర్చుంది. రంగు సగం తుడుచుకుంది. పుంగనూరు దగ్గరపడ్డాక, అడక్కుండానే చెప్పింది.

"మేడం, ఆ పొద్దు నా చెప్పులు షెడ్డులో మర్సిపోతిని. ఎండకు కాళ్ళు కాలతాంటే వాణ్ణి పొయ్యి తెమ్మని పంపిస్తిని. ఆడుకునేకి పోయినాడని అందురితో చెప్పినా. మా అమ్మతో గూడా అట్లే చెప్పినా. ఆ పొద్దునించి మా అమ్మ నాతో సరిగా మాట్లాడదు. ఆమెకు తెలుసేమో అనుకుంటా. ఎదురుగా నిలబడి చెప్పలేకపోతి. నాటకంలో అయితే చెప్పగలనని ఒప్పుకుంటిని."

నేను వచ్చి మీ అమ్మతో చెబుతా అన్నాను.

"వద్దు మేడం. నేనే చెప్పాల అది. మొదటిసారి మా అమ్మ ఇనింటాది. ఇంటికి పోయినాక అడుగుతాదేమో సూస్తా."

తల్లి అడగలేదు. వారం తర్వాత నేను అడిగితే ఆ పిల్ల లేదన్నట్టు తల ఊపింది. నెల తర్వాత అడిగితే తల కూడా ఊపలేదు. పరీక్షలు రాసింది, మంచి మార్కులతో పాసయ్యింది. ఇంటర్‌లో చేరమని చెప్పడానికి వెళ్తే అప్పటికే బెంగళూరు దగ్గర బట్టల కంపెనీకి వెళ్ళిపోయింది, హాస్టలు అక్కడే. తల్లి ఆ రోజు గుడిసెలో ఉంది. ఆమె ముందు అయిదు నిమిషాలు నిలబడి, పిల్లను చదివించాల్సిందమ్మా అని మాత్రం చెప్పి వచ్చేశాను. ఆ వేసవిలోనే బదిలీల కౌన్సెలింగ్‌లో కుప్పం కోరుకున్నాను. ఊరికి దగ్గరని అందరితో చెప్పాను. నిజానికి మదనపల్లె మాది, కుప్పం నాకు ఏ రకంగానూ దగ్గర కాదు.

కుప్పంలో పిల్లలు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి బడికొచ్చి తెలుగు నేర్చుకునేవాళ్ళు. వాళ్ళు ఏ మాట ఎలా పలికినా నేను చాక్‌పీసు ఎత్తలేదు. మేడం మెత్తబడిపోయింది, వయసు మీద పడింది అనుకున్నారు కొలీగ్స్. నాటకం పాఠం వచ్చినప్పుడు ఆడించేదాన్ని, తరగతి గదిలోనే. పోటీలకు మాత్రం తీసుకుపోలేదు.

పోయిన ఏడాది, రిటైరయ్యాక, కుప్పంలో పెద్దాసుపత్రిలో మోకాళ్ళ నొప్పులకు చూపించుకోవడానికి వెళ్ళాను. చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చుంటే పక్కన ఎవరో "టీచరమ్మా" అన్నారు. ఆ పిల్ల తల్లి. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చూపు మసకేసిందని కంటి ఆపరేషనుకు రాయించుకోవడానికి వచ్చిందట. ఒక్కతే వచ్చింది.

కూతురు గురించి అడిగాను. అక్కడే ఉందని, సూపర్వైజర్ అయిందని, పండక్కి వస్తుందని చెప్పింది. "వస్తాది, ఇల్లంతా కడుగుతాది, నాకు మందులు కొనిస్తాది, పోతాది. నా మొగం మాత్రం సూడదు. దాని బాధ దానిది. వాడు పోయినాక నేను గూడా దానితో మాట్లాడింది లేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తా ఉండె, బిడ్డ ముందర ఏడిస్తే అది ఏమైపోతాదో అని మూసుకునుంటి."

ఆ రోజు నాటకం మధ్యలో వెళ్ళిపోయావెందుకమ్మా అని అడిగాను.

"నేను లేసి నిలబడింది సూసినావా నువ్వు?"

"చూశాను."

"నా బిడ్డ నాతో ఏమో చెప్తాండాదని లేస్తిని. నేనే పంపిస్తిని అనె కదా, ఆ మాట నాకు సూటిగా వచ్చి తగిలె. అంతలోనే మళ్ళా మొదులుపెట్టె. సరే, ఈసారి బాగా ఇందామని కూసుంటిని. ఆ మాట కోసరమే కాసుకోని కూసుంటిని టీచరమ్మా. రాలా. పాటంతా పాడె, ఆ మాట మాత్రం చెప్పలా. అయితే అది నాకు చెప్పింది గాదు, ఆటలో మాటేమో, నేనే పిచ్చిదాని మాదిరి లేస్తినని సిగ్గేసె. లేసి బయటికి ఎలబారొచ్చేస్తిని."

హాలులో అన్ని వందల మంది అడిగిన వన్స్ మోర్ ఒకటి, ఈమె అడక్కుండా అడిగింది ఒకటి. నేను వందల మందికి పాడించి, ఈమెకు రావాల్సిన మాట ఆపేశాను. ఆ పిల్ల వద్దన్న సంగతి గుర్తుంది. అయినా చెప్పేశాను. ఆ మాట నాటకంలో లేదమ్మా, నీకు చెప్పాలనే అంది, రెండోసారి చెప్పకుండా నేనే వేళ్ళతో సైగ చేసి ఆపాను అన్నాను. షెడ్డు సంగతి, చెప్పుల సంగతి, బస్సులో ఆ పిల్ల అన్నదంతా చెప్పాను. తిట్టినా, చెయ్యెత్తినా పడదామనే చెప్పాను.

ఆమె కోప్పడలేదు. చాలాసేపు చేతిలో చీటీ మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది.

"చెప్పులకా?" అంది చివరికి. "చెప్పులకు పంపిస్తే ఏమమ్మా? ఆ పొద్దు తెల్లారినప్పటి నుంచి వాణ్ణి నేనే పదిసార్లు పంపించింటి ఆ షెడ్డుకు. తాడు తెమ్మని, బాక్సు తెమ్మని. పదకొండోసారి అది పంపించె, అంతే కదా. దీనికా నా బిడ్డ ఇన్నేండ్లూ నా మొగం సూడకుండా తిరిగింది?"

లోపలినుంచి ఆమె నంబరు పిలిచారు. రెండుసార్లు పిలిచినా ఆమె లేవలేదు.